విస్సన్నపేటలో ఫ్రెంచి పాఠం
(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నెల నన్ను మాట్లాడమని అడిగినప్పుడు కార్యదర్శి గారు ‘మోకాళ్ళ నొప్పుల మీద తప్ప ఏదైనా సరే’ అన్నారు. ఆ విషయం మీద ఈ ఏడాది ఇప్పటికే ఇద్దరు డాక్టర్లు మాట్లాడి వెళ్ళారు. ‘అయితే ఫ్రెంచి భాష మీద చెబుతాను’ అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ‘పింఛను సంగతి కూడా కాస్త కలపండి, జనం కూచుంటారు’ అన్నారు. కలుపుతాను. అసలు అది కలపకుండా ఈ విషయం చెప్పడం నాకు చేతకాదు కూడా.

ముందు, డెబ్బై దాటిన ట్రెజరీ గుమాస్తాకు ఫ్రెంచి ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. మా రెండో అమ్మాయి కుటుంబం కెనడాలో, క్యూబెక్ రాష్ట్రంలోని మాంట్రియల్‌లో ఉంటుంది. అక్కడ వలస వచ్చినవాళ్ళ పిల్లలు బడిలో ఫ్రెంచిలోనే చదవాలని చట్టం ఉంది. మా మనవరాలికి పదేళ్ళు. మనం తెలుగులో అడిగితే అర్థమవుతుంది. జవాబు మాత్రం ‘తాతయ్యా’ అని మొదలుపెట్టి మిగతాదంతా ఫ్రెంచిలో లాగిస్తుంది. ఫోనులో ఆ పిల్ల నవ్వితే నేనూ నవ్వడం, ఎందుకు నవ్వానో నాకే తెలియకపోవడం – ఇలా రెండేళ్ళు గడిచింది. మా ఆవిడ ఒకరోజు, ‘మీకు కాలక్షేపం కావడం లేదంటారుగా, అది నేర్చుకోరాదూ’ అంది. అంతే.

మామూలు పుస్తకాలు తెప్పించాను. హోటల్లో కాఫీ ఎలా అడగాలి, స్టేషనుకు దారి ఎటు, గదికి అద్దె ఎంత – ఇవీ పాఠాలు. విస్సన్నపేటలో కూర్చుని పారిస్ హోటల్లో కాఫీ అడగడం నేర్చుకుని ఏం చేసుకోను? ఈ వయసులో జ్ఞాపకం కూడా లెక్క చూసుకుని పనిచేస్తుంది. అవసరం లేని మాటను సాయంత్రానికల్లా వదిలేస్తుంది. అప్పుడు మా అమ్మాయి ఫోనులో ఒక రేడియో పెట్టి ఇచ్చింది. ఫ్రాన్సు దేశపు అంతర్జాతీయ రేడియో వాళ్ళు విదేశీయుల కోసం రోజూ పది నిమిషాలు తేలిక ఫ్రెంచిలో వార్తలు చదువుతారు. అది వినడం మొదలుపెట్టాక నాకో సంగతి తెలిసింది. ఆ వార్తల్లో ఏ రోజు చూసినా ఏదో ఒక తగువు ఉంటుంది. పింఛను తగువు, సమ్మె తగువు, ఉద్యోగాల తగువు, బడి తగువు, పెళ్ళి తగువు. ఇవన్నీ నాకు తెలిసిన తగువులే. భాష కొత్తదే గాని సంగతి పాతది. సంగతి తెలిస్తే మాట నిలబడుతుంది. దాని వెనక ఉన్న పూర్వకథ కూడా తెలిస్తే ఇక పోదు.

కాబట్టి ట్రెజరీ అలవాటు పోనివ్వకుండా ఒక లాంగ్‌బుక్కు తీసి మూడు గళ్ళు గీశాను. మొదటి గడిలో మాట. రెండో గడిలో ఆ మాట మీద ఇప్పుడు నడుస్తున్న తగువు. మూడో గడిలో దాని మూలం ఎక్కడిదో. ఆ పుస్తకంలోంచే ఈ రోజు కొన్ని చెబుతాను.

మనవాళ్ళు సరదా పడే మాటతో మొదలుపెడతాను: బ్యూరో. అంటే ఆఫీసు. ఒకప్పుడు అది ముతక ఉన్నిగుడ్డ పేరు. గుమాస్తాలు లెక్కలు రాసే బల్ల మీద ఆ గుడ్డ పరిచేవారు. గుడ్డ పేరు బల్లకు వచ్చింది, బల్ల పేరు గదికి వచ్చింది, గది పేరు కార్యాలయానికి వచ్చింది. 18వ శతాబ్దంలో దానికి ‘క్రసీ’ అనే తోక తగిలించి బ్యూరోక్రసీ అన్నారు. మనం ముప్పై అయిదేళ్ళు మోసిన పేరు ఒక బల్లగుడ్డది.

తర్వాత గ్రెవ్. అంటే సమ్మె. అసలు అర్థం నది ఒడ్డున ఇసుక, గులకరాళ్ళు ఉన్న చోటు. పారిస్‌లో సెయిన్ నది ఒడ్డున ఆ పేరుతో ఒక మైదానం ఉండేది. ఇప్పుడు దాని పేరు మార్చారు. పని కావలసిన కూలీలు పొద్దున్నే వచ్చి అక్కడ నిలబడేవారు. ‘గ్రెవ్‌లో ఉన్నాడు’ అంటే మొదట్లో పని కోసం ఎదురుచూస్తున్నాడని. తరువాత తరువాత కూలి గిట్టక పని మానేసి నిలబడ్డాడని అర్థం మారింది. బెజవాడలో తెల్లవారుజామున అడ్డా మీద నిలబడే తాపీపనివాళ్ళను చూసినవారికి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. షోమాజ్ అని ఇంకో మాట, నిరుద్యోగం అని. దాని మూలం గ్రీకులో ‘వేడిమి’. మిట్టమధ్యాహ్నం ఎండకు పని ఆపి చెట్టుకింద చేరడం. మన మామిడితోటల్లో మే నెలలో కాయలు కోసే కూలీలు రోజూ చేసేది అదే. నీడకు చేరడం అన్న మాట పని దొరకకపోవడంగా ఎప్పుడు మారిందో గాని, మారిందంటేనే అందులో పెద్ద కథ ఉంది.

ఇక మన మాట. రత్రెత్. పదవీ విరమణ, పింఛను – రెండిటికీ ఫ్రెంచిలో ఇదే మాట. మూలార్థం వెనక్కి లాక్కోవడం. సైన్యం ఓడిపోయి వెనక్కి మళ్ళినా రత్రెతే. మనం ‘రిటైరయ్యాం’ అంటాం చూశారూ, ఆ ఇంగ్లీషు మాట కూడా ఫ్రెంచి నుంచి వెళ్ళిందే. పింఛను అన్నదీ ఆ దారినే వచ్చింది. దాని వెనక లాటిన్‌లో తూయడం, తూచి ఇవ్వడం అన్న అర్థం ఉంది. మనకు తూచే ఇస్తున్నారు, ఆ మాటకొస్తే.

2023 మార్చిలో ఫ్రాన్సులో పదవీ విరమణ వయసు 62 నుంచి 64కు పెంచే బిల్లు మీద పెద్ద గొడవ జరిగింది. లక్షల మంది రోడ్ల మీదికి వచ్చారు. పారిస్‌లో చెత్త ఎత్తేవాళ్ళు సమ్మె కడితే వీధుల్లో గుట్టలు పడ్డాయి. దిగువ సభలో వోటుకు పెట్టకుండానే, రాజ్యాంగంలో 49వ అధికరణం మూడో భాగం వాడుకుని, ప్రభుత్వం బిల్లు గట్టెక్కించింది. ఏప్రిల్‌లో చట్టమయింది. దాని మీద రగడ ఆ తరవాతి ఏళ్ళలోనూ నడుస్తూనే వచ్చింది. ఆ వార్తలు వింటున్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఆలోచనా వచ్చింది. మన రాష్ట్రంలో 2022 జనవరిలో వయసు 60 నుంచి 62కు పెంచితే దాన్ని వరంగా ప్రకటించారు. ఆ మరుసటి నెల 3వ తేదీన ఉద్యోగులు చలో విజయవాడ అంటూ కదిలింది పి.ఆర్.సి. కోసం గాని వయసు కోసం కాదు. అంతకు ముందు 1983లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం 58 నుంచి 55కు దించినప్పుడు ఇళ్ళల్లో ఏడుపులే. ఇక్కడున్న పెద్దల్లో ఆ దెబ్బ చూసినవారున్నారు. అక్కడ పెంచితే గొడవ, ఇక్కడ దించితే గొడవ. ఎందుకంటారు?

దీనికి మూలం వెతకబోతే నేను బందరు వెళ్ళవలసి వచ్చింది! పద్నాలుగో లూయీ రాజుకు కోల్బేర్ అని ఒక మంత్రి ఉండేవాడు. 1664లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ పెట్టించింది ఆయనే. ఆ కంపెనీ వాళ్ళు 1669లో గోల్కొండ సుల్తాను దగ్గర ఫర్మానా పుచ్చుకుని మచిలీపట్నంలో కోఠీ వేశారు. బందరులో పరాసుపేట ఉంది కదా, ఆ పరాసులు ఫ్రెంచివాళ్ళే. ఆ కోల్బేరే 1673లో, ఓడల్లో పనిచేసి దెబ్బతిన్న నావికులకు, వాళ్ళ జీతాల్లో కొంత కోసి నిధి కట్టి, పింఛను ఏర్పాటు చేశాడు. ఫ్రాన్సులో ఉద్యోగుల పింఛనుకు నాంది ఇదేనంటారు. ఎవరి కోసం అనుకున్నారు? సముద్రాలు దాటి వెళ్ళే రాజుగారి ఓడలకు మనుషులు దొరకడం లేదు కనుక. దయతో కాదు, అవసరంతో.

ఆ తరవాత 1853లో ప్రభుత్వోద్యోగులందరికీ ఒక చట్టం వచ్చింది. 1910లో కార్మికులకు, రైతులకు ఇంకొకటి వచ్చింది గాని వయసు 65 అన్నారు. అప్పటి కార్మికుల్లో 65 దాకా బతికేవాళ్ళు ఎందరు? అందుకే సి.జి.టి. అనే కార్మిక సంఘం దాన్ని చచ్చినవాళ్ళ పింఛను అని ఎద్దేవా చేసింది. రెండేళ్ళకు 60కి దించారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1945లో, దేశమంతటికీ సామాజిక భద్రత పథకం పెట్టారు. 1982లో మిత్తెరాఁ అధ్యక్షుడుగా ఉండగా అందరికీ 60 అయింది. 2010లో 62. పింఛను వయసు తగ్గించుకోవడానికి వాళ్ళకు తరాలు పట్టింది. అందుకే పెంచుతామంటే ఊరుకోలేదు. 1982 అనగానే మీకు గుర్తుకు రావాలి – ఆ ఏడాది డిసెంబరు 17న మన సుప్రీంకోర్టు నకారా కేసులో, పింఛను సర్కారు పెట్టే ముష్టి కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ రోజునే మనం పింఛనుదారుల దినం చేసుకుంటున్నాం.

ఈ తగువులో రోజూ వినిపించిన మాటలు మూడు. రెపార్తిసియోఁ, కాపితాలిసాసియోఁ, సొలిదారితే. మొదటిది పంచుకోవడం – ఇవాళ పనిచేసేవాళ్ళు కట్టే డబ్బు ఇవాళ్టి ముసలివాళ్ళకు వెళుతుంది, రేపు వీళ్ళ వంతు. రెండోది పెట్టుబడి – ఎవడి డబ్బు వాడి పేర మార్కెట్లో పెట్టి, ఆఖరున ఎంత పెరిగితే అంత. ఫ్రాన్సులో గొడవ పడినవాళ్ళలో చాలామందికి భయం ఇదే, మొదటిది పోయి రెండోది వస్తుందేమోనని. మూడో మాటకు సంఘీభావం అని డిక్షనరీలో ఉంది. కాని మూలం చూడండి, అది రోమన్ న్యాయశాస్త్రంలో అప్పుకు సంబంధించిన మాట. నలుగురు కలిసి అప్పు తీసుకుంటే ఒక్కొక్కడూ మొత్తానికీ పూచీ. మన డ్వాక్రా సంఘంలో ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి, అలాంటి పూచీ. సంఘీభావం అంటే మనం చప్పట్లు కొట్టి పత్రికా ప్రకటన ఇవ్వడం అనుకుంటాం. అసలుది జమానతు సంతకం.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అబ్బాయి ఉపాధ్యాయుడు. 2004 సెప్టెంబరు 1 తరవాత చేరాడు కనుక సి.పి.ఎస్. కింద ఉన్నాడు. మూలవేతనం, డి.ఎ. కలిపి నూటికి పది అతని జీతంలో కోత, అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది. అది మార్కెట్లోకి వెళుతుంది. ఒకే ఇంట్లో, ఒకే వంటింటి భోజనం తిని, తండ్రికి రెపార్తిసియోఁ, కొడుక్కి కాపితాలిసాసియోఁ. నాకు డి.ఎ. ఎప్పుడు వస్తుందన్న బెంగ. వాడికి ఎంత వస్తుందన్న బెంగ. 2023లో గ్యారంటీ పింఛను అంటూ రాష్ట్రంలో చట్టం చేశారు గాని వాడి బెంగ దానితో తీరలేదు. మన సంఘంలో మనం కరువు భత్యం బకాయిల మీద చేసినన్ని తీర్మానాలు మన పిల్లల సి.పి.ఎస్. మీద చేశామా అని నేను మినిట్స్ పుస్తకం తిరగేశాను. మీరూ తిరగేయండి, ఇక్కడే బీరువాలో ఉంది.

సరే, పరాసుపేట దాకా వచ్చాం కనుక ఇంకాస్త ముందుకు వెళదాం. 1753లో నిజాం సలాబత్ జంగ్, బుస్సీ దొర సైన్యానికి జీతాల కింద నాలుగు సర్కార్లు రాసిచ్చాడు – కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం. అంటే మన పక్కనున్న కొండపల్లి సర్కారులో కొన్నాళ్ళు శిస్తు ఫ్రెంచివాళ్ళదే. 1757లో బొబ్బిలి యుద్ధం సంగతి బుర్రకథల్లో విన్నాం. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోట పట్టుకోవడంతో ఇక్కడ ఫ్రెంచివాళ్ళ పని అయిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో, భూమికి అవతలి వైపు, ఇదే యుద్ధంలో భాగంగా ఇంగ్లీషువాళ్ళు క్యూబెక్ కోట కూడా పట్టుకున్నారు. 1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి కుదిరింది. ఆ ఒక్క సంధిపత్రం మీదే కెనడా ఫ్రెంచివాళ్ళ చేయి జారింది, పుదుచ్చేరి, యానాం లాంటి పాత కోఠీలు తిరిగి వాళ్ళకు దక్కాయి. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా మనవరాలి బడి తగువూ, మా అత్తగారి పెళ్ళి కథా ఒకే కాగితం మీంచి మొదలయ్యాయి.

మా అత్తగారి పుట్టిల్లు కాకినాడ వైపు. ఆవిడకు తొమ్మిదో ఏట పెళ్ళయింది, యానాంలో. సొంత ఊరు వదిలి, సామాను సర్దుకుని, చుట్టాలందరినీ బళ్ళెక్కించి యానాం ఎందుకు వెళ్ళారని మా ఆవిడ చిన్నప్పుడు అడిగితే ‘అక్కడ చేస్తే మంచిదట’ అనేవారట. ఎందుకు మంచిదో నేను ఫ్రెంచి మొదలుపెట్టాక గాని నాకూ వివరంగా తెలియలేదు. 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిషు ఇండియాలో పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లకు పెళ్ళి చేస్తే నేరం. యానాం బ్రిటిషు ఇండియా కాదు. గోదావరి పాయ పక్కన ఉన్న ఆ చిన్న చోటికి ఈ చట్టం వర్తించదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళి పెళ్ళిళ్ళు చేసేవారు. ఎన్ని చేసేవారంటే ఆ ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది.

మరి స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని గోడల మీద రాసుకున్న ఫ్రెంచివాళ్ళు దీన్ని ఎలా ఊరుకున్నారు? ఇక్కడే కుత్యూమ్ అనే మాట నేర్చుకున్నాను. ఆచారం. ఆచారాన్ని చెప్పే ఈ మాటా, వేషాన్ని చెప్పే కోస్త్యూమ్ అన్న మాటా ఒకే మూలం నుంచి వచ్చినవి. రెండూ అలవాటుగా తొడుక్కునేవే. 1819 జనవరి 6న పుదుచ్చేరి ప్రభుత్వం ఒక ఉత్తర్వు చేసింది. భారతీయుల వ్యవహారాలు వాళ్ళ వాళ్ళ కులాచారాల ప్రకారమే తీర్చాలని. వ్యాపారం సాగాలి, జనం తిరగబడకూడదు, అందుకని ఆ మర్యాద. 1881 సెప్టెంబరులో ఇంకో ఉత్తర్వు వచ్చింది. కావాలనుకున్నవాళ్ళు ఆచారాల చట్టం వదులుకుని, కొత్త ఇంటిపేరు పెట్టుకుని, ఫ్రెంచి పౌరస్మృతి కిందికి రావచ్చు. సరిగ్గా అదే ఏడాది డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అక్కడ మార్పుకు సర్కారు తలుపు తీసి కూర్చుంది. ఇక్కడ ఒక పంతులు గారు తలుపు బద్దలు కొట్టారు. నా లెక్కలో పంతులు గారి పనే పెద్దది.

ఇంకో సంగతి వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. ఫ్రాన్సులో 1804 నాటి పౌరస్మృతి ఆడపిల్లకు పెళ్ళి వయసు పదిహేను, మగవాడికి పద్దెనిమిది అంది. ఆ పదిహేను 2006 దాకా ఉంది. ఆ ఏడు ఏప్రిల్‌లో గాని పద్దెనిమిది చేయలేదు. మన దేశంలో ఆడపిల్లకు పద్దెనిమిది 1978లోనే వచ్చింది. చట్టంలో మనమే ముందు. నడతలో మాత్రం, 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో నూటికి సుమారు 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయింది. వీళ్ళెవరూ యానాం వెళ్ళలేదు. అది 1954 జూన్‌లో, దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో జరిగిన పోరాటంతో ఫ్రెంచి చేతిలోంచి వచ్చేసింది. ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళే కల్యాణపురం.

మా అత్తగారు పెళ్ళి తరవాత బడి గడప తొక్కలేదు. మామగారు పోయాక కుటుంబ పింఛను కోసం ట్రెజరీకి వచ్చి వేలిముద్ర వేసేవారు. అప్పట్లో నేను అదే శాఖలో ఉండేవాణ్ణి. పక్కన కూర్చున్న గుమాస్తా ఆవిడ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కుతుంటే, ఆవిడ నా వంక చూడకుండా గోడ వంక చూసేవారు. అల్లుడి ముందు సంతకం రాకపోవడం ఆవిడకు సిగ్గు. ఆ సంధిపత్రం, ఆ ఉత్తర్వు, ఆ చట్టం అన్నీ కలిసి చివరికి ఆ బొటనవేలి మీదికి వచ్చాయి. మీనర్ అనే ఫ్రెంచి మాటకు మైనరు అని అర్థం. నా పుస్తకంలో ఆ మాట పక్కన రెండో గడీ, మూడో గడీ ఆవిడ పేరుతోనే నింపాను.

ఇక క్యూబెక్. 1763 తరవాత అక్కడ పాలన ఇంగ్లీషువాళ్ళది, జనం ఫ్రెంచివాళ్ళు. రెండు వందల ఏళ్ళు ఫ్రెంచి ఇంట్లో, పొలంలో మిగిలింది. డబ్బున్న ఉద్యోగాలన్నీ ఇంగ్లీషువి. వలస వచ్చినవాళ్ళు కూడా పిల్లల్ని ఇంగ్లీషు బళ్ళలోనే ఎక్కువగా వేసేవారు. మనకు తెలియని కథేమీ కాదు. 1977 ఆగస్టులో వాళ్ళు ల్వా నూటొకటి అని చట్టం చేశారు. ల్వా అంటే చట్టం. ఆఫీసులో, దుకాణం బోర్డు మీద, బడిలో ఫ్రెంచి. వలసవాళ్ళ పిల్లలు ఫ్రెంచి బడికే వెళ్ళాలి. మా మనవరాలు అలా ఆ బళ్ళో పడింది. మాకు 1966లోనే తెలుగును అధికార భాష చేస్తూ చట్టం ఉందని మా అమ్మాయితో గొప్పగా చెప్పాను. ‘మరి నన్ను ఇంగ్లీషు మీడియంలో ఎందుకు వేశావు నాన్నా?’ అంది. ఆ ఫోను త్వరగా పెట్టేశాను.

అయితే ఫ్రెంచివాళ్ళు ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్ళే అనుకోకండి. వాళ్ళ సొంత దేశంలోనే బ్రెతోఁ అని వేరే భాష మాట్లాడే ప్రాంతం ఉంది. బళ్ళో ఆ భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో అవమానంగా ఒక గుర్తు వేలాడదీసేవారు. ఇంకో పిల్లవాడు మాట్లాడుతూ దొరికేదాకా అది వీడి మెడలోనే ఉండాలి. ఇది చదివితే నాకు 2009లో కడప జిల్లా మైదుకూరు నుంచి వచ్చిన వార్త గుర్తొచ్చింది. ఒక బళ్ళో తెలుగు మాట్లాడారని పసిపిల్లల మెడల్లో పలకలు వేలాడదీశారు, ఇక తెలుగు మాట్లాడమని రాసి. ఒక చోట ఫ్రెంచి గెలిచి కొట్టింది, ఒక చోట ఓడి కాపాడుకుంది. భాష అదే.

నేను నేర్చింది పారిస్ రేడియో ఫ్రెంచి, పిల్లది మాంట్రియల్ ఫ్రెంచి. నేను దీనే అంటే రాత్రి భోజనం అనుకుంటాను, అది మధ్యాహ్న భోజనం అంటుంది. మనకూ సత్తుపల్లి రోడ్డు పట్టుకుని నాలుగు ఊళ్ళు దాటితే మాట మారడం లేదూ? ఇద్దరం వాదించుకుంటాం. వాదించుకునేటంత ఫ్రెంచి వచ్చిందని మా ఆవిడ సంతోషం.

ఈ మధ్య ఆ పిల్ల ఒక ప్రశ్న వేసింది. పని చేయకుండా నీకు నెలనెలా డబ్బు ఎవరిస్తారని. నాకొచ్చిన భాషలో చెప్పాను. ముప్పై నాలుగేళ్ళు చేశాను, ఇప్పుడు చేసేవాళ్ళు నాకు పూచీ అని. సొలిదారితే అన్నాను. బళ్ళో ఆ మాట చెప్పారంది. కాసేపు ఆలోచించి, ‘మరి మామయ్యకు ఎవరు పూచీ?’ అని అడిగింది. మార్కెట్టు అన్నాను. ‘మార్కెట్టు అంటే ఎవరు?’ అంది. దానికి ఏ భాషలోనూ నా దగ్గర మాట లేకపోయింది. మా అబ్బాయి పక్కనే కూర్చుని జవాబుపత్రాలు దిద్దుకుంటున్నాడు. ఏమడిగింది నాన్నా అన్నాడు. చెప్పాను. వాడు తల ఎత్తకుండానే ‘వచ్చే సంఘం మీటింగులో అడగండి’ అన్నాడు. అందుకని అడుగుతున్నాను. మన సభ్యుల్లో సి.పి.ఎస్. పిల్లలున్నవాళ్ళు ఎందరో చేతులెత్తితే కార్యదర్శి గారు రాసుకుంటారు. తీర్మానం ముసాయిదా నేను తెచ్చాను, తెలుగులోనే ఉంది.

ఫ్రెంచి మీద సరదా ఉన్నవాళ్ళు ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మా ఇంటికి రండి. ఫీజు లేదు, ఒక లాంగ్‌బుక్కు తెచ్చుకుంటే చాలు. మనం ఏటా బతికున్నామని ట్రెజరీకి రుజువు ఇస్తాం కదా, ఫ్రాన్సు పింఛను తీసుకుంటూ పరాయి దేశంలో ఉన్నవాళ్ళూ ఇవ్వాలి. దాన్ని సెర్తిఫికా ద వీ అంటారు. వీ అంటే జీవితం. మొదటి పాఠం ఆ మాటతోనే. హాజరు రిజిస్టరులో సంతకం చేయనివాళ్ళు చేయండి, అవతల టీ చల్లారిపోతోంది.